చీల పీకిన జమేదారు

అడవి మొత్తంలో ఇరుకైన దారి పులికనుమ. అక్కడి గేటు దాటితేనే అవతలి అడవి. ఆ దారిన ఒంటెద్దు బండి లాగే ఎద్దు చుక్కయ్య గురించి చెప్పాలంటే ఒక్క నోరు చాలదు. నుదుటి మీద తెల్లచుక్క, కొండను గోకే కొమ్ములు. ఆయన రంకె వేస్తే మూడు కొండల అవతల మబ్బు దారి మార్చుకునేది. నమ్మనివాళ్లు ఆ మబ్బునే అడిగి తెలుసుకోవచ్చు. అంతటివాడూ దారిలో చీమ ఎదురైతే బండి ఆపి, అది దాటాకే కదిలేవాడు.

ఆ పొద్దున బండిలో కూచమ్మ కోడి, ఆమె పదకొండు మంది పిల్లలు. గద్దల బాధ పడలేక అవతలి అడవికి కాపురం మార్చుకుంటోంది. "పిల్లల్ని చేర్చే పూచీ నాది చెల్లీ" అని మాటిచ్చి బయల్దేరాడు చుక్కయ్య.

గేటు దగ్గర నక్క నరసప్ప. పులిరాజు కొత్తగా ఇచ్చిన జమేదారు ఉద్యోగం. కుక్కను అందలం ఎక్కిస్తే కుచ్చులన్నీ తెగకొరికిందంటారు. నక్కను ఎక్కిస్తే ఏమైందో వినండి. దారి చట్టం చెక్కిన పెద్ద బండరాయికి వీపు ఆనించి, కాలు మీద కాలేసుకుని కూచున్నాడు.

"ఏయ్ ఎద్దూ, ఆపు."

చుక్కయ్య ఆపాడు. ఆపమన్నచోట ఆగడం ఆయన మర్యాద.

"కాగితం ఏది?"

"ఇదిగోండి బాబుగారూ, అనుమతి ఆకు. పులిరాజు పంజా ముద్ర కూడా ఉంది."

నరసప్ప ఆకును తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ముక్కు మాత్రం బండిలోని గంప వైపే తిరిగి ఉంది.

"గంప దింపు. తనిఖీ చెయ్యాలి. లోపల నా గదిలో తీరిగ్గా చూస్తా."

గంపలో పదకొండు మందీ తల్లి రెక్కల కిందికి దూరారు. "అన్నా, ఆ గదిలోకి తనిఖీకి వెళ్లిన మా పెద్దమ్మవి ఈకలే తిరిగొచ్చాయి" అంది కూచమ్మ సన్నగా.

చుక్కయ్య గొంతు పెంచలేదు. "అలాగే బాబుగారూ. తమ పేరేమిటి? నేను చేసిన తప్పేమిటి?"

"నన్నే పేరు అడుగుతావా? నీ కొమ్ముల వంకరే నీ తప్పు."

"వంకర మా నాన్నగారి నుంచి వచ్చిందండి. తప్పు ఆయన పేరున రాసి, రసీదు ఇప్పించండి."

వెనక నవ్వులు లేచాయి. అప్పటికే ఆగిన బండ్ల వరుస కనుమ దిగి, ఏరు దాటి, పక్క అడవిదాకా పాకింది. నరసప్ప తోక నిక్కబొడుచుకుంది.

"పెద్ద లాయరువి బయల్దేరావు. ఈ బండి ఇక్కణ్ణుంచి ఎలా కదులుతుందో చూస్తా."

"ఏమైనా చెయ్యండి గానీ, ఆ చీల మీద మాత్రం చెయ్యి వెయ్యకండి. మీకే మంచిది కాదు."

ఇరుసు చివర చక్రం ఊడకుండా బిగించే ఇనుప ముక్క చీల. అది లేకపోతే బండే లేదు. 'వీడి ప్రాణం ఇక్కడుందన్నమాట' అనుకున్న నరసప్ప ఒక్క దూకు దూకి చీల పీకేశాడు. చక్రం జారింది. బండి ఒరిగింది. గంప జారిపోయేలోపు చుక్కయ్య కాడి వదిలించుకుని వచ్చి భుజం అడ్డం పెట్టాడు. ఆకాశం విరిగి పడినా ఆ భుజం మీద ఆగాల్సిందే. తన ఎత్తు పారకపోతే పదకొండు ప్రాణాలు ఆ గదిలోకే పోతాయి.

"ఇప్పుడు దింపుతావా గంప?" అన్నాడు నరసప్ప, చీల ఎగరేసి పట్టుకుంటూ.

"దింపుతాను. ముందు మీ వెనక రాయి మీద ఏముందో చదవండి."

"అది నేను వీపు ఆనించుకునే రాయి."

"అందుకే మీకు కనబడలేదు. పన్నెండు ఏనుగులు తొండాలెత్తేస్తే, ఆ రాయిని ఈ కొండెక్కించింది నేనే. ఆగి ఊపిరి పీల్చుకున్న ప్రతిచోటా ఒక్కో వరుస చదువుకున్నాను."

వెనక బండిలోంచి ఎలుగుబంటి జంగయ్య దిగొచ్చాడు. జమేదారును పక్కకు జరిపి, బొంగురు గొంతుతో అందరికీ వినబడేలా చదివాడు. "ఆపినవాడు తన పేరు, ఆగినవాడి తప్పు చెప్పవలెను. తనిఖీ దారి మీదనే పదిమంది ఎదుట జరగవలెను. చీల పీకరాదు. పీకినవాడు తానే కాడి మోసి ఆ బండిని గమ్యం చేర్చవలెను. ఇట్లు పులిరాజు."

"ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే" అన్నాడు నరసప్ప, నీళ్లు నములుతూ.

"చీల ముట్టుకోవద్దని నేను చెప్పానుగా. వరుసంతా విన్నది" అన్నాడు చుక్కయ్య.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. "పోనీలే మావా, చీల పెట్టేస్తా. నీ దారిన నువ్వు పో."

"చీల పెట్టేది నేను. కాడి కింద మెడ పెట్టేది నువ్వు" అంటూ జంగయ్య అతని మెడ మీద పంజా వేశాడు.

ఆ మధ్యాహ్నం పులికనుమ చూసిన ఊరేగింపు ఇంద్రుడి ఐరావతానికి కూడా జరిగి ఉండదు. కాడి కింద నక్క జమేదారు నాలుక వేలాడేసుకుని లాగుతున్నాడు. పక్కన చుక్కయ్య ఖాళీ మెడతో, తల పైకెత్తి నడుస్తున్నాడు. గంపలోంచి కూచమ్మ మెడ చాచి, "జమేదారు గారూ, గుంత చూసి పోనివ్వండి, పిల్లలు ఇప్పుడే నిద్రపోయారు" అంటోంది.

అవతలి అడవిలో గంప దిగింది. కూచమ్మ పిల్లల్ని ఒక్కొక్కర్నీ ముక్కుతో తడిమి చూసుకుంది. పదకొండు మందీ ఉన్నారు.

నీతి: చట్టం తెలిసిన మెడ కాడికి వంగుతుంది గానీ, కేకకు వంగదు.