ఎలుగమ్మ పదును చూసింది

ఇప్పపూల మత్తులో గుండ్లకొండంతా తూగే ఎండాకాలంలో ఎలుగమ్మ జతకట్టింది. మగ ఎలుగు తన దారిన తాను పోయింది. అది మామూలే. కానీ పొద చాటు నుంచి గుంటనక్క అంతా చూసింది. చూసి ఊరుకుంటే అది నక్క ఎందుకవుతుంది? నేరుగా చిరుత దగ్గరికి పరిగెత్తింది.

"మామా, శుభవార్త! వానలు ముదిరేసరికి ఎలుగమ్మకి కాన్పు."

"అయితే నన్ను పురుడు పొయ్యమంటావా?"

"అది కాదు మామా. కళ్ళు తెరవని పసికూనలు. తల్లి చెదల కోసం రోజూ పుట్టలు తవ్వడానికి పోతుంది. నేను కాపు కాసి కూతేస్తా, నువ్వు గుహలో దూరు. అప్పటిదాకా నీ ఎంగిలి నాకు పడేస్తే చాలు."

"వానల్లోనే అని ఎట్లా చెప్తావురా?"

"మా ఇంటిది ఏటా ఈనుతోంది. జతకట్టాక రెండు నెలలు. ఈ లెక్క తప్పదు."

చిరుతకి నోరూరింది. ఆ రోజు నుంచి వేటలో ఎముకలు, పేగులు నక్కవే. కూర్చుని తిన్న నక్కకి బుగ్గలు వచ్చాయి, నడకలో దర్పం వచ్చింది.

వానలు ముదిరాయి. ఎలుగమ్మ బయటికి పోగానే నక్క కూతేసింది, చిరుత గుహలో దూరింది. లోపల గబ్బిలాల రెట్ట తప్ప ఏమీ లేదు. బయటికొచ్చి నక్క చెవి మీద ఒక్కటిచ్చింది.

"పిల్లలేవిరా?"

"నాలుగు రోజులు అటూ ఇటూ అవుతుంది మామా!"

అన్నదేగానీ నక్కకి గుబులు పట్టుకుంది. పుట్ట దగ్గర చెదలు పీల్చుకుంటున్న ఎలుగమ్మని వెతుక్కుంటూ వెళ్ళి, ఎక్కడలేని జాలీ ఒలకబోసింది.

"అక్కా, ఇంకా నీళ్ళాడలేదా? కడుపు నిలిచిందో లేదోనని నా ప్రాణం కొట్టుకుంటోంది."

ఎలుగమ్మ మూతికంటిన మట్టి దులుపుకుంది. పోయిన ఏడు కరువులో ఆమెకి కడుపు నిలవలేదు. ఆ దిగులు ఇంకా మనసులో ఉంది. అయినా గొంతులో బెదురు లేదు.

"భద్రంగా ఉంది తమ్ముడూ. రైతుని చూళ్ళేదా? విత్తనం ఇంట్లో ఉంది కదా అని ఎండు దుక్కిలో చల్లేస్తాడా? పదును వచ్చేదాకా దాచిపెడతాడు. అది చావదు, మొలవదు. నా బిడ్డలూ అంతే. ఆవగింజంతైనా కాకుండా ఆగి ఉన్నారు. ఇక ఎదగండని కడుపు చెప్పాలి. నాకు కొవ్వు పట్టేదాకా అది చెప్పదు."

"నువ్వు కాస్త తొందరపెట్టరాదూ?"

"నా మాటే వినదు, నీ మాట వింటుందా?" అని నవ్వింది ఎలుగమ్మ. "అవునుగానీ, నా గుహలో ఆ మచ్చలోడి కంపు కొడుతోందేమిటి తమ్ముడూ?"

నక్క వినపడనట్టు జారుకుంది. 'కడుపు ఆగడమేమిటి, కాకమ్మ కబుర్లు' అనుకుంది. చిరుతకి మాత్రం రేపు, ఎల్లుండి అంటూ కార్తీకం దాటించింది. ఈలోగా ఎలుగమ్మ మేడిపళ్ళు, తేనెపట్లు, చెదలు తిని తిని ఒళ్ళు చేసింది. కడుపు సరేనంది. చలి ముదిరిన రోజుల్లో గుహలోంచి సన్నగా కుయ్‌కుయ్ వినిపించింది.

"చెప్పలేదా మామా!" నక్క గంతేసింది. "తల్లి బయటికి పోతే చాలు, ఇక మనదే."

తల్లి పోలేదు. వానల్లో కని ఉంటే ఆకలికి పోక తప్పేది కాదు. ఇప్పుడు ఒంటినిండా కొవ్వు, పొదుగునిండా పాలు. కదిలే పనేముంది? వారాల తరబడి వేట మానుకుని బయట మంచులో ఇద్దరూ కాపు కాశారు. ఆత్రం ఆపుకోలేక చిరుత ఒకసారి లోపలికి మూతి పెడితే, ఎలుగమ్మ గోళ్ళు దాని ముక్కు చీరేశాయి.

ఆకలితో మాడుతున్న చిరుత చూపు మెల్లగా పక్కకి తిరిగింది.

"అల్లుడూ, బాగా బలిశావురా."

"అంతా నీ చలవే మామా."

"అందుకే అడుగుతున్నా. నేను మేపిన ఒళ్ళు నాది కాదూ?"

నక్క పడుతూ లేస్తూ కొండ దిగింది. తోకలో సగం చిరుత నోట్లోనే ఉండిపోయింది.

మళ్ళీ ఇప్పపూలు రాలాయి. ఎలుగమ్మ ఇద్దరు కూనల్ని వీపున ఎక్కించుకుని వస్తుంటే పొద వెనక మొండితోక కదిలింది.

"తమ్ముడూ, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నా కడుపుని అడక్కుండానే విందుకి కూర్చున్నావు. చివరికి విస్తట్లోకి నువ్వే పోబోయావు కదయ్యా!"

విత్తు ఎప్పుడు పడినా, మొలకకి ముహూర్తం పెట్టేది నేలే.