బల్లి ఏ గోడ మీద పలికింది?

చెరకుతోట పక్కన కోళ్ళు నడుపుకునే హేచరీ ఒకటి ఉండేది. మూడువందల పెట్టలు తమ గుడ్లను అక్కడ అప్పగించి మేతకు పోయేవి. ఏ గుడ్డు ఏ తల్లిదో, ఏ అరకు ఎంత వేడి కావాలో, తలుపు ఎవరికి తెరుచుకోవాలో, అన్నీ ఒక పాత సర్వర్ చూసుకునేది. ఆ సర్వర్‌ని నూకాలు అనే బల్లి చూసుకునేది. దుమ్ము దులిపేది, వైర్ల మధ్య దూరిన పురుగుల్ని పట్టుకు తినేది, తెర మీదికొచ్చిన ప్రతి అక్షరం చదివేది. అధ్యక్షుడు సేతువ పుంజు మాత్రం ఆ గదిలోకి ప్రారంభోత్సవం రోజున ఒక్కసారి వెళ్ళాడు. అదీ ఫొటో కోసం.

ఒక ఉదయం తెర మీద కంపెనీ నోటీసు కనబడింది. నూకాలు దక్షిణపు గోడ మీది నుంచి గట్టిగా చెప్పింది. "అయ్యా, ఆషాఢం దాటాక ఈ సాఫ్ట్‌వేర్‌కి మరమ్మతులు ఉండవట. ఆ తర్వాత ఏ కన్నం బయటపడినా పూడ్చేవాళ్ళుండరు. తలుపు దీని చేతిలోనే ఉంది. ఇప్పుడే కొత్తదానికి మారాలి."

పుంజు ఉలిక్కిపడ్డాడు. మాటకు కాదు. "దక్షిణపు గోడ! కీడు!"

పక్కనే సలహాదారు నక్క కూర్చుని ఉన్నాడు. "శాంతి చేయించండి బావగారూ" అన్నాడు.

సర్వర్‌కి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, ముందు కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు యంత్రంలోకి పోకుండా నూకాలే అడ్డం పడుకుని ఒళ్ళంతా తడుపుకుంది.

వారం తర్వాత ఉత్తరపు గోడ ఎక్కి మళ్ళీ చెప్పింది. "ఇంక నలభై రోజులే ఉన్నాయయ్యా!"

"ఉత్తరం! చుట్టాలొస్తున్నారు" అంటూ పుంజు గింజలు నానబెట్టించాడు.

"నేను చెప్పింది విన్నారా?"

"ఎందుకు వినలేదూ? ఉత్తరం నుంచేగా."

నక్క నవ్వాడు. "యంత్రం నిన్న నడిచింది, ఇవాళా నడుస్తోంది. ఆడకూతురు, ఊరికే బెదురుతుంది. గోడలు పట్టుకు పాకేదానికి ఇవన్నీ ఏం తెలుస్తాయి బావగారూ!"

నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళుగా ఆ యంత్రం జబ్బూ జ్వరమూ కనిపెట్టింది తను. నోటీసు చదివింది తను. గుడి గంటను ఏం చెప్పావని ఎవరూ అడగరు, ఎప్పుడు మోగిందనే చూస్తారు. వీళ్ళకు తన నోరూ అంతేనన్నమాట.

నేరుగా పెట్టల దగ్గరికి వెళ్ళింది.

"కొండమ్మా, లోపల నీ గుడ్లెన్ని?"

"పదకొండు."

"అయితే నా మాట విను. గోడను కాదు."

కొండమ్మ తల దించుకుంది. "నేనూ గోడనే చూశానే నూకాలూ. మా అమ్మా అదే చూసేది. మళ్ళీ చెప్పు, మొదటి నుంచీ."

నూకాలు చెప్పింది. పెట్టల సంఘం కొత్త యంత్రం తెప్పించి వెనకగదిలో పెట్టింది. పాతదాంట్లో ఏమేం ఉన్నాయో మొత్తం రాసుకుని, గుడ్ల వివరాలన్నీ నకలు తీసుకున్నారు. ముందు నాలుగే గుడ్లు పెట్టి చూశారు. పిల్లలు బయటికొచ్చి కిచకిచలాడాకే మిగతావి మార్చారు. పాత సర్వర్‌కి పాతగది తలుపు ఒక్కటే వదిలారు. పెట్టలు తలుపు తీసినప్పుడల్లా వెంట దూరి, చల్లగా ఉందని ఆ గదిలో రెండు ఊరకుక్కలు కాపురం పెట్టాయి. ఇదంతా కళ్ళముందే జరిగినా ఆడవాళ్ళ సందడి కదా అని పుంజూ చూడలేదు, నక్కా చూడలేదు.

ఆషాఢం దాటింది. పది రోజులకే పాత సాఫ్ట్‌వేర్‌లో కన్నం ఎక్కడుందో చెరకుతోటంతా తెలిసిపోయింది. మిట్టమధ్యాహ్నం సలహాదారుగారు సంచీ పట్టుకుని వచ్చాడు. పాతగది తలుపు పక్కనున్న మీటల మీద అటూ ఇటూ నాలుగు నొక్కులు నొక్కేసరికి తలుపు కిర్రుమంది.

తూర్పు గోడ మీద నూకాలు ఉంది. ఉన్నదున్నట్టే చెప్పింది. "మావా, లోపల గుడ్లు లేవు. రెండు కుక్కలున్నాయి. పోకు."

నక్క మొహం వెలిగిపోయింది. "తూర్పు! ధనలాభం!" అంటూ లోపలికి దూకాడు.

బయటికొచ్చింది సగం తోకతోనే.

"చెప్పానుగా మావా! తెగిన తోక నాకైతే మళ్ళీ మొలుస్తుంది. నీకు మొలవదే, ఏం చేద్దాం?"

అరుపులు విని పుంజు పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిశాక రొమ్ము విరుచుకుని, "చూశారా, తూర్పు పలుకు! మన హేచరీకి లాభమే జరిగింది" అన్నాడు.

నూకాలు గోడ దిగింది. నేల మీదుగా నడిచి, అధ్యక్షుడి బల్ల ఎక్కి, అతని ముక్కుకి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు, ఏ దిక్కు చూస్తావో."

బల్ల మీద పలికిన బల్లికి ఏ ఫలమో శాస్త్రంలో ఎక్కడా లేదు. ఆరేళ్ళలో మొదటిసారి పుంజు ఆమె మాట మొత్తం వినాల్సి వచ్చింది.

చెప్పిన మాట వదిలేసి, చెప్పినామె ఎక్కడుందో చూసేవాడికి కుక్కకాటే గతి.