నూకాలు మడి

అనగనగా అని మొదలెడితే మీకు నిద్దరొస్తుంది. అందుకని ఇలా వినండి. మీ తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, ఒక కొండ కింద ఒక కాలువ ఉండేది. దానికి అటు ఎగువూరు, ఇటు దిగువూరు. కాలువ ఒకటే, తాగే నోళ్ళు రెండు. ఇక తగువులకేం తక్కువ?

పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా నీళ్ళు ఎగువూరివి. గుంకింది మొదలు మళ్ళీ పొడిచేదాకా దిగువూరివి. ఏ మడికి ఎంతసేపో కొలవడానికి కాలువ గట్టున ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆవిడే నూకాలు.

నూకాలుకి మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నవి మూడే. ఒక పూరిపాక, రెండూళ్ళ సరిహద్దులో రాళ్ళగుట్ట వెనక చాపంత మడి, చేతిలో చిల్లుచిప్ప. ఆవిడ పొట్టకి ఆధారం ఆ మడే. చిల్లుచిప్ప అంటే కొబ్బరిచిప్పే, అడుగున సూదిమొనంత చిల్లు. నీళ్ళగోలెంలో వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. మునిగితే ఒక గడియ. చిప్ప మునిగేది, నూకాలు కర్రతో కొడితే పళ్ళెం మోగేది. ఒకడి వంతు అయ్యేది, ఇంకొకడి మడికి నీళ్ళు మళ్ళేవి. మరి ఆవిడ ఎప్పుడు పడుకునేదీ అంటారా? చిప్ప వదిలాక, అది మునిగేలోపు ఓ కునుకు. ఆ కునుకులే ఆవిడ నిద్ర.

ఎండాకాలం పగలు సాగుతుంది కదా. దిగువూరి పెద్ద ఎర్రునాయుడు వచ్చి ఎగిరాడు.

"ఏటే నూకాలూ! ఆళ్ళకి ముప్పైమూడు సిప్పలు, మాకు ఇరవయ్యేడా?"

"పొద్దు అలాగుంది బావూ. నా సేతిలో ఏటుంది?"

చలికాలం రాత్రి సాగుతుంది కదా. ఎగువూరి పెద్ద గవిరినాయుడు వచ్చి ఎగిరాడు.

"ఏటే నూకాలూ! ఇప్పుడు ఆళ్ళకి ముప్పైమూడు, మాకు ఇరవయ్యేడా?"

"పొద్దు అలాగుంది బావూ. నా సేతిలో ఏటుంది?"

మరుసటేడు వాన మొహం చాటేసింది. భాద్రపదం వచ్చేసరికి కాలువ సన్నగిల్లింది, మడులు వాడిపోయాయి. అప్పుడు మూడోసారి వచ్చారు, ఈసారి రెండూళ్ళూ కలిసి. మంచికి ఏనాడూ కలవని వాళ్ళు, ఒక్క ఆడదాని మీద పడడానికి ఎంచక్కా కలిశారు!

"నీళ్ళన్నీ ఏటైపోతన్నాయే? గుట్ట ఎనకాల నీ మడికి తిప్పేసుకుంటన్నావు. దొంగముండా!" అన్నాడు గవిరినాయుడు.

"కాదని సెప్పు సూద్దాం!" అన్నాడు ఎర్రునాయుడు.

నూకాలు ఈసారి పాత జవాబు చెప్పలేదు. చిప్ప గోలెంలో వదిలి, కళ్ళెత్తి చూసింది.

"మూడు రోజులు ఆగండి బావూ. కోతల ముందర ఒక దినం వస్తాది. ఆ దినం పొద్దు ఎవల పక్కా మొగ్గదు. పగలెంతో రాత్రీ అంతే. ఆ పగలు ఎగువూరోళ్ళు లెక్కెట్టండి, ఆ రాత్రి దిగువూరోళ్ళు లెక్కెట్టండి. పగలు ముప్పై, రాత్రి ముప్పై. మీ మడులకి ఒక్క సిప్ప తగ్గినా నేను దొంగనే. ఊరొదిలి పోతాను."

ఆ రోజు వచ్చింది. ఎగువూరు ఊరంతా గట్టు మీద కూర్చుంది. ఒక ముసలావిడ గిన్నెలో అంబలి తెస్తే గవిరినాయుడు అడ్డం పడ్డాడు. "దొంగో దొరో తేలేదాకా దానికి కూడెట్టీకండి" అన్నాడు. నూకాలు చిప్ప ఎత్తి మళ్ళీ గోలెంలో వదిలింది. చిప్ప మునిగింది, పళ్ళెం మోగింది. చిప్ప మునిగింది, పళ్ళెం మోగింది. సరిగ్గా ముప్పయ్యో మోతకి పొద్దు కొండ వెనక్కి దిగింది.

ఎగువూరు లేచింది, దిగువూరు కూర్చుంది. మళ్ళీ చిప్ప మునిగింది, మళ్ళీ పళ్ళెం మోగింది. ఒక్కసారి తప్పలేదు. ముప్పయ్యో మోతా, తూర్పున పొద్దు అంచూ ఒక్కసారే వచ్చాయి. రెండూళ్ళ వాళ్ళూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

"నిజవేనే నూకాలూ! నువ్వు దొంగవి కావు!" అని ఎర్రునాయుడు కేకేశాడు.

నూకాలు పలకలేదు. గోలెం అంచు మీద తల ఆన్చి ఉంది. కునుకు తీస్తోందనుకున్నారు. చిప్ప అడుగునే ఉండిపోయింది. ఆవిడ ఎన్నడూ చిప్పని అడుగున వదిలెయ్యదు. ముసలావిడ వెళ్ళి భుజం పట్టి కదిపితే, నూకాలు పక్కకి ఒరిగిపోయింది. ప్రాణం లేదు.

మీద కప్పడానికి బట్ట కోసం పెద్దలిద్దరూ ఆవిడ పాకకి బయల్దేరారు. రాళ్ళగుట్ట దాటారు. అక్కడ ఆగిపోయారు.

మడి నెర్రెలిచ్చి ఉంది. కాలు పెడితే మడమ దిగేంత నెర్రెలు. పైరు వెన్ను తియ్యకుండానే గడ్డయిపోయింది. పాకలోకి వెళ్ళి చూస్తే గింజల కుండ బోర్లించి ఉంది. దాని మీద సాలీడు గూడు కట్టింది.

"రాత్రిళ్ళు ఈ మడికి మీరు నీళ్ళెడతన్నారు కదా?" అన్నాడు గవిరినాయుడు.

"పగలు మీరెడతన్నారనుకున్నాం" అన్నాడు ఎర్రునాయుడు.

విన్నారా? వాన ఉన్నన్నాళ్ళూ వానే ఆ మడిని తడిపింది. వాన మానేశాక, నూరు మడులకి నీళ్ళు కొలిచిన మనిషి మడికి ఎవరి వంతో ఒక్కరూ అడగలేదు. దొంగ అన్నవాళ్ళలో ఒక్కడైనా గుట్ట ఎక్కి చూశాడా? లేదు! ఇన్నిసార్లు చెప్పానా ఈ కథ, ఇక్కడికొచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

వెనక వచ్చిన ముసలావిడ నెత్తి కొట్టుకుంది. "నీ మడికీ నీళ్ళడగవే అన్నాను. 'సిప్పట్టుకున్న సెయ్యి నీళ్ళడిగితే, ఇంక నా లెక్క ఎవలు నమ్ముతారప్పా' అంది. నేనైనా మీకు సెప్పలేకపోయాను."

పెద్దలిద్దరూ తలపాగాలు విప్పారు. ఆ రెండూ కలిపి ఆవిడ మీద కప్పారు. ఆ సాయంత్రం, ఎగువూరి వంతు అయ్యాక, దిగువూరి వంతు మొదలవకముందు, ఎర్రునాయుడే పార పట్టి కాలువని గుట్ట వెనక్కి మళ్ళించాడు. గవిరినాయుడు చిప్ప వదిలాడు. ఎండిన మడి నీళ్ళు తాగుతుంటే బుసబుసమని చప్పుడొచ్చింది. ఆ చప్పుడు వినలేక మగాళ్ళు కూడా ఏడ్చారు.

ఇప్పటికీ ఏటేటా కోతల ముందు, పగలూ రాత్రీ సమానమైన ఆ రోజుని అక్కడ నూకాలు పొద్దు అంటారు. ముందుగా పండిన నాలుగు వెన్నులు దూసి కొత్తగింజ వండుతారు. ఒకే విస్తట్లో సగం తెల్లన్నం, సగం నల్లటి చోడిముద్ద, అదే రాగిముద్ద, పెడతారు. మొదటి ముద్ద నూకాలుది. పొద్దు గుంకగానే ఒక చిప్ప నీళ్ళు ఆ మడికి పారతాయి. ఆ గడియ ఏ ఊరిదీ కాదు. పళ్ళెం మోగేదాకా పసిపిల్లలు కూడా కిక్కురుమనరు. ఆ మడిలో పండింది నా అన్నవాళ్ళు లేనివాళ్ళకి పోస్తారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊళ్ళల్లో ఎవరైనా ఇంకొకర్ని దొంగ అనబోతే, పక్కవాళ్ళు ఊరుకోరు. "ముందు నూకాలు మడి సూసొచ్చి మాటాడు" అంటారు. మొన్న మా పెద్దోడు పొరుగింటివాడి మీద నోరు పారేసుకోబోతుంటే నేనూ అదే అన్నాను. పొరుగింటికి వెళ్ళి, వాడి గింజల కుండ చూసి వచ్చాడు. వచ్చి, మా గింజల కుండ ఎత్తుకుని మళ్ళీ వాళ్ళింటికే వెళ్ళాడు.