మిర్చి రేట్ల పేజీ

పున్నారావు కడుపుమంటకు కారణం ప్రవల్లిక. ఇద్దరూ గుంటూరులో జిలానీ మాస్టారి దగ్గర వెబ్‌సైట్లు కట్టే విద్య నేర్చి, ఆయన దగ్గరే పనిచేస్తున్నవాళ్లే. నిన్నగాక మొన్నొచ్చిన ఆ పిల్లకేమో కొత్త కంపెనీల పని, కొత్త భాష. ముందునుంచీ ఉన్న ఇతనికి మాత్రం మిర్చియార్డు రేట్ల సైటు, దాని పాత పీహెచ్‌పీ భాష.

ఆ పిల్ల స్క్రీన్ మీద బొమ్మలు గిర్రున తిరుగుతుంటే వచ్చినవాళ్లంతా ఆహా ఓహో అంటున్నారు. పున్నారావు కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

ఓ ఉదయం ఇక ఆపుకోలేక అడిగేశాడు.

"మాస్టారూ, పీహెచ్‌పీ పనైపోయిందని లోకమంతా అంటోంది. ఆ ముసలి భాషకు నన్ను కట్టేశారు. నేనంటే మీకంత లోకువా? ఇట్లాగైతే మానేసి పోతాను."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ప్రవల్లికా, నువ్వెళ్లి వీడి సీట్లో కూర్చోమ్మా. ఏరా, నువ్వు ఆ అమ్మాయి సీట్లోకి పో."

అంతే. మళ్లీ గ్లాసు అందుకున్నారు.

మధ్యాహ్నం దాకా పున్నారావు కాళ్లు నేల మీద లేవు. అప్పుడు అతని పాత సీటు దగ్గర ఫోన్ మోగింది. ప్రవల్లిక స్పీకర్లో పెట్టింది. అవతల ఓ రైతు.

"అమ్మా, పేజీలో రేట్లు ఇయ్యాల్టియేనా? మిర్చి టిక్కీ బస్తాలు లారీకెక్కించాలా, ఆగాలా అని చూస్తన్నా. పొలంకాడ సిగ్నలుండదు, నాదేమో పాత ఫోను. అన్నిట్లో మీ పేజీ ఒక్కటే తెరుసుకుంటది."

"ఇవాళ్టివే బాబాయ్. ఇప్పుడే పెట్టాను."

"సల్లగుండు తల్లీ."

ప్రవల్లిక మొహం వెలిగిపోయింది. "ఇంత మంచి పని ఇన్నాళ్లూ అన్నకే ఎందుకిచ్చారు మాస్టారూ?" అంది, కాస్త నిష్ఠూరంగానే.

పున్నారావుకు ఒళ్లు మండిపోయింది. ఆ పేజీ పాత ఫోన్లో కూడా తెరుచుకునేలా దిద్దిందెవరు? ఆ దీవెన ఎవరికి దక్కాలి? నోటి దగ్గర ముద్ద ఎవరో లాక్కున్నట్టయింది. లేచి మాస్టారి ముందుకొచ్చాడు.

"నా సైటు నాకిప్పించండి."

"నా దగ్గరెక్కడుందిరా? ఆ అమ్మాయినడుగు."

పున్నారావు వెళ్లి ప్రవల్లిక పక్కన నిలబడి, మెల్లగా అడిగాడు.

"కాసేపాగన్నా," అందామె తల తిప్పకుండానే. "ఇంకో రైతు లైన్లో ఉన్నాడు."

ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పున్నారావు అక్కడే నిలబడ్డాడు.