అరల్లో పాటలు

లచ్చుమదాసు గురువుగారి ఆశ్రమంలో చేరి ఏడాది కావస్తున్నా మహిపాల్ బెంగ తీరలేదు. కంప్యూటర్ డిగ్రీ చదివాడు. ఎక్కడికెళ్లినా ఇంటర్వ్యూలో రెండో రౌండు దాటలేదు. పోనీ ఇక్కడైనా పనికొస్తున్నాడా అంటే అదీ తెలీదు. గురువుగారు బాగుందని అనరు, బాలేదనీ అనరు.

పనంటే పెద్ద పనేం కాదు. గురువుగారు వయసులో ఉన్నప్పుడు పాలమూరు ఊళ్లన్నీ తిరిగి తత్వాలు రికార్డు చేశారు. నాట్లేసేవాళ్లు, బిచ్చమెత్తుకునేవాళ్లు, ఎవరు పాడినా క్యాసెట్‌లో పట్టుకొచ్చేవారు. ఒక వానాకాలం కప్పు కారింది. అల్మారాలో క్యాసెట్లు తడిసి, వాటి మీద రాసిన పేర్లన్నీ చెరిగిపోయాయి. పాటలు మాత్రం చాలావరకు దక్కాయి. టౌన్‌లో ఎవరో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చారు.

ఇప్పుడు గురువుగారు ఒక్కో పాటా పెట్టుకుని వింటారు. పాడిందెవరో, ఏ ఊరో, ఆ పాటకి అర్థమేంటో చెప్తారు. మహిపాల్ టైప్ చేస్తాడు. అది తొందరగా అవ్వాలి. ఎందుకంటే గురువుగారికి మరుపు జబ్బు మొదలైంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. "తెలిసినవన్నీ ఉన్నప్పుడే చెప్పించుకోండి" అని డాక్టరు మహిపాల్‌ని పక్కకి పిలిచి మరీ చెప్పాడు.

ఆ కంప్యూటర్ తెర చూస్తేనే మహిపాల్‌కి చిరాకు. వెనక పాత అల్మారా ఫొటో, అదీ మసగ్గా. దాని మీద పసుపుపచ్చ ఫోల్డర్లు ఎలా పడితే అలా. కొన్ని పై మూలన, కొన్ని ఓ పక్కకి గుంపుగా, ఒకటెక్కడో ఒంటరిగా. అన్నిటికీ ఒకటే పేరు, న్యూ ఫోల్డర్ అని, పక్కన ఓ నంబరు. గురువుగారు వణికే చేత్తో మౌస్ నడిపించి, కావాల్సింది తెరిచేసరికి ఎంతసేపో పట్టేది. అంతసేపూ మహిపాల్ ఫోన్ చూసుకునేవాడు.

గురువుగారు ఆస్పత్రికని హైదరాబాద్ వెళ్లిన రోజు అతని చెయ్యి ఊరుకోలేదు.

అల్మారా తీసేసి మంచుకొండల బొమ్మ పెట్టాడు. ఫోల్డర్లన్నిటినీ నీలం గుండ్రాలుగా మార్చాడు. ఆ పేర్లు చూడ్డానికి బాలేదని కనబడకుండా దాచాడు. అన్నిటినీ కిందికి దించి, దండ గుచ్చినట్టు ఒక్క వరసలో పేర్చాడు. మూలన గడియారం పెట్టాడు. కుర్చీ వెనక్కి జరుపుకుని చూసుకుంటే, చాలా కాలానికి తన చేత్తో ఒకటి సరిగ్గా అయిందనిపించింది.

వంట చేసే ఎంకవ్వ టీ ఇవ్వడానికొచ్చి తెర వంక చూసింది.

"ఏంది కొడుకా గిది? పెండ్లి కార్డు లెక్క జేసినవ్!"

"ఎట్లుందవ్వా?"

"మంచిగనే ఉంది. పాటలేడ బోయినయ్ మల్ల?"

"అగో, కింద వరసగ లేవా?"

"నాకేమెర్క. ఆయనకు ఎర్కయితే చాలు" అని గ్లాసు పెట్టి పోయింది.

మర్నాడు గురువుగారు వచ్చారు. కాళ్లు కడుక్కుని తిన్నగా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మహిపాల్ వెనకాల నిలబడ్డాడు. ఒక్క మాట, బాగుందిరా అంటే చాలు.

గురువుగారి చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. బాణం గుర్తు అలవాటుగా పైకి, ఎడమ పక్కకి పోయి ఆగింది. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. కుడి పక్కకొచ్చింది. అక్కడా మంచే. గురువుగారు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"బిడ్డా, అల్మారా ఏడ బోయింది?"

"మంచిగ లేదని తీసేసిన అయ్యా. అన్నీ సర్దిన. చూడుండ్రి, ఎంత నీట్‌గ ఉందో."

"సర్దినవా?"

"అవునయ్యా. అంత చిందరవందరగ ఉండె గద."

గురువుగారు తెర పైభాగాన వేలు పెట్టారు.

"చిందరవందర గాదు బిడ్డా. పై అర గద్వాల దిక్కు. దాని కింద కొల్లాపూర్. అల్మారల ఏ క్యాసెట్టు ఏడుండెనో, దాని పాటలు ఆ ఫొటోల ఆడనే పెట్టిచ్చుకున్న. పేర్లు చెరిగిపాయె. ఇగ జాగనే గుర్తు. ఆ జాగల కనబడితే పాడినోళ్ల పేరు నోటికొస్తది."

మహిపాల్ "ఇప్పుడే పెడ్తయ్యా" అని ముందుకి వంగాడు. అల్మారా ఫొటో ఒక్క క్షణంలో తిరిగొచ్చింది. దాచిన పేర్లూ తిరిగొచ్చాయి. అల్మారా అరలన్నీ ఖాళీ. వాటి కింద, ఎవరో నేల మీద పారబోసినట్టు, నీలం గుండ్రాలు.

గురువుగారు లేచి కుర్చీ అతనికిచ్చారు. మౌస్ తీసి అతని చేతిలో పెట్టారు.

"ఏడాది సంది దినాం చూస్తున్నవ్ గద. ఎట్లుండెనో అట్లనే పెట్టు."

మహిపాల్ ఒకదాన్ని పై అర మూలకి లాగాడు. పక్కన ఇంకోటి పెట్టాడు. అక్కడ ఉన్నది ఇదేనా? న్యూ ఫోల్డర్ ఏడు కదా ఇది, ఏడు పైన ఉండేదా, గుంపులోనా? గుంపు ఏ అర మీద? ఒంటరిగా ఉండేది కుడి వైపా, ఎడమ వైపా? పెట్టినవి తీశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. చివరికి చెయ్యి కదల్లేదు.

"గుర్తుకొస్తలేదయ్యా."

గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఈ జబ్బు నాకొక్కనికే వచ్చిందనుకున్న."

గొంతులో కోపం లేదు. ఉంటే బావుండుననిపించింది మహిపాల్‌కి. గురువుగారు స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు.

"ఏదన్న ఒకటి తెరువు. ఇద్దరం ఇందాం."

చేతికందింది తెరిచాడు. ఏక్‌తార మోగింది. ఒక ముసలావిడ గొంతు, బొంగురుగా. మధ్యలో దగ్గు. దూరంగా ఎక్కడో మేక అరుపు. కళ్లు మూసుకున్న గురువుగారి పెదాలు పాటతో పాటే కదిలాయి. ఒక్క మాట తప్పలేదు. మహిపాల్ కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని, పేరు చెప్తారేమోనని ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

పాట అయిపోయింది. గురువుగారు కళ్లు తెరిచారు. తెర మీద ఖాళీ అరలన్నిటినీ పైనుంచి కింది దాకా నెమ్మదిగా చూశారు. ఆ తర్వాత చేతులు జోడించారు.

"ఎవరు తల్లీ నువ్వు?"