నల్లకారు మీద గుండ్రటి గీతలు

"గురుపూర్ణిమకి కారు అద్దంనాగ మెరవాల బాబూ. ఒక్క గీత పడిందా, నన్ను గెంటీయండి."

ఈ మాట అన్నది ఆశ్రమం డ్రైవరు సన్యాసి నాయుడు. అన్నది వంటశాల ముందు, అందరూ వింటూ ఉండగా. శృంగవరపుకోట దాటాక కొండవాలులో ఉన్న ఆ ఆశ్రమంలో సన్యాసులు చాలామందే ఉన్నా, సన్యాసి అన్న పేరున్నవాడు అతనొక్కడే. పెళ్లాం, నలుగురు పిల్లలు ఉన్నదీ అతనొక్కడికే. అతను నడిపేది ఆశ్రమం స్థాపించిన పెద్దస్వామి వాడిన నల్ల అంబాసిడరు. పెద్దస్వామి పోయి చాలా ఏళ్లయినా, ఏటా గురుపూర్ణిమ నాడు దాని ముందు సీటులో ఆయన పటం పెట్టి ఊరంతా ఊరేగిస్తారు. ఆ రోజు ఆ కారు నలుపులో ముఖం చూసుకుంటే ఏడాదంతా మంచి జరుగుతుందని ఊళ్లో ఒక నమ్మకం. జనం వరస కట్టి, బానెట్టు మీదికి వంగి, బొట్టు కూడా సరిచేసుకుని పోతారు.

మాట ఇచ్చిన మర్నాడే సన్యాసి కారును హైవే పక్కన తన బావమరిది పెట్టుకున్న వాషింగ్ సెంటరుకు తీసుకెళ్లాడు. ఆ బావమరిది కొత్తగా పాలిష్ మిషను కొన్నాడు. పెద్దస్వామి కారుతో దానికి బోణీ చేయిస్తే కలిసొస్తుందని సన్యాసి ఆశ. బోణీ ఘనంగానే జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, మిషనుకు హారతిచ్చారు, ట్రాక్టర్లు కడిగిన గుడ్డతోనే కారునూ కడిగారు, ఆ గుడ్డ వదిలిన ఇసుక మీదే మిషను తిప్పారు. సాయంత్రం షెడ్డు నీడలో చూస్తే కారు తళతళలాడింది. పొద్దున్నే ఎండలోకి తెస్తే ఒళ్లంతా సాలెగూళ్లు అల్లినట్టు గుండ్రటి గీతలు, వాటి మీద శుక్లం కమ్మిన కంటిలా తెల్లటి మసక. బానెట్టు మీదికి వంగితే ముఖం కనిపించింది కానీ, ఎవరి ముఖమో చెప్పడం కష్టం.

ప్రభంజన్‌కు ఒళ్లు మండిపోయింది. ఏడాది క్రితం విశాఖపట్నంలో ఎమ్మే చదువు ముగించి ఆశ్రమంలో చేరిన కుర్రవాడు. వస్తూ వస్తూ యూనివర్సిటీ లైబ్రరీలో చదివిన పుస్తకాలనూ, యూనివర్సిటీ గోడల మీద చదివిన నినాదాలనూ తలలో పెట్టుకుని వచ్చాడు. ఏ వాక్యం ఎక్కడ చదివాడో ఇప్పుడు అతనికే గుర్తులేదు. లోకంలో అన్యాయం ఇంకా ఎందుకు మిగిలి ఉందంటే, దాన్ని చూసినవాళ్లు వెంటనే లేచి నిలబడకపోవడం వల్లే అని అతని గట్టి నమ్మకం. కాబట్టి అతను లేచి నిలబడి, నేరుగా చిన్నస్వామి దగ్గరికి వెళ్లాడు.

చిన్నస్వామికి డెబ్బయ్యేళ్లు దాటాయి. పెద్దస్వామి శిష్యుడు కనుక ఆ పేరే ఉండిపోయింది. ఆయన అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"స్వామీ, మాట తప్పినవాడికి ఈ ఆశ్రమంలో చోటుందా?"

"ఎవరు తప్పారు?"

"సన్యాసి. గీత పడితే గెంటేయమని తనే అన్నాడు. ఇప్పుడు లెక్కపెట్టలేనన్ని గీతలు. ఒక్క తప్పును భుజం తట్టి వదిలేస్తే రేపు అది గద్దెనెక్కుతుంది. రాజీ అనేది ఓటమికి పెట్టుకున్న ముద్దుపేరు. ఒక్క మచ్చ కూడా మిగలని వ్యవస్థ కావాలంటే నిర్దాక్షిణ్యంగా ఉండాలి."

చిన్నస్వామి గింజ ఒకటి తీసి పక్కన పడేశారు. "ఇందులో నువ్వు సొంతంగా అన్న ముక్క ఏది?"

"అంటే స్వామీ?"

"ఏం లేదులే, చెప్పు."

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం చిన్నస్వామి అలవాటు. వైరాగ్యం అంటే ఏమిటని ఒకాయన అడిగితే, చేతికి నూనె రాసుకోకుండా పనసకాయ కోసుకురమ్మన్నారు. ఆయన వారం దాకా ఎవరికీ నమస్కారం పెట్టలేకపోయాడు. రెండు చేతులూ కలిస్తే విడివడేవి కావు. ఆశ్రమంలో పాతవాళ్లు అందుకే ప్రశ్నలు అడగడం మానేశారు. ప్రభంజన్ ఇంకా కొత్త.

"గీతలు పడ్డాయన్నావు కదా, తీసెయ్" అన్నారు చిన్నస్వామి. "నువ్వే తియ్యి. ఒక్కటి కూడా మిగలకుండా తీసిన పూటే సన్యాసిని పంపించేద్దాం. ఉద్యోగం, మన కారు షెడ్డు వెనక ఇల్లు, అన్నీ ఖాళీ చేయిద్దాం. సరేనా?"

"ఒక్క గీత ఉండదు స్వామీ! నాది పూచీ."

ఈ ఒప్పందం సంగతి మధ్యాహ్నం భోజనాలయ్యేలోపే షెడ్డుకు చేరింది. సన్యాసి చేతులు నలుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు. తనను బతిమాలుకుంటాడని ప్రభంజన్ మనసు రాయి చేసుకున్నాడు.

"బాబూ, మిసను కావాలేటి? మా బావమరిదినడిగి తెత్తాను."

"అక్కర్లేదు! నేరానికి వాడిన యంత్రంతో న్యాయం చేయలేం."

"నాయమెలాగున్నా, సేత్తో అయితే రెక్కలు పడిపోతాయి బాబూ" అని సన్యాసి నిజంగా బాధపడ్డాడు. పోతూ పోతూ కూర్చుని రుద్దుకోవడానికి తన ఇంట్లోంచి ముక్కాలిపీట ఒకటి తెచ్చి అక్కడ పెట్టాడు. దాని మీద కూర్చోవడం రాజీ అవుతుందేమోనని ప్రభంజన్ కాసేపు ఆలోచించి, చివరికి కూర్చున్నాడు.

ఊళ్లోకి వెళ్లి గీతలు పోగొట్టే రబ్బింగ్ కాంపౌండు డబ్బా తెచ్చాడు. కొట్టువాడు నున్నటిదీ గరుకుదీ రెండూ చూపిస్తే, మెత్తదనం మీద అసహ్యం కొద్దీ గరుకుదే తీసుకున్నాడు. గుడ్డకు పట్టించి బానెట్టు మీద బలం కొద్దీ రుద్దడం మొదలుపెట్టాడు. నిమిషం తిరక్కుండా గుడ్డ నల్లబడింది. ఇంకో గుడ్డ తీసుకున్నాడు. అదీ నల్లబడింది. అతని గుండె ఉప్పొంగింది. ఇన్నేళ్లుగా నీళ్లు చల్లి తుడిచామని చెప్పుకుంటున్న కారులో ఎంత మురికి! పైపైన తుడిచేవాళ్లకు లోపలి కుళ్లు ఏం తెలుస్తుంది? రుద్దిన కొద్దీ నలుపు వస్తూనే ఉంది. ఆ నల్లగుడ్డలన్నీ ప్రార్థన మందిరం ముందున్న తీగ మీద వరసగా ఆరేశాడు, అందరూ చూడాలని. చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టారు. సన్యాసి అయితే లెంపలు వేసుకున్నాడు.

చిన్నస్వామి సాయంకాలం నడకకు వెళ్తూ ఆ తీగ దగ్గర ఆగారు.

"ఏమిటివి?"

"మురికి స్వామీ! తరతరాల మురికి!"

"ఊఁ. కారు ఏ రంగు?"

"నలుపు స్వామీ."

"ఊఁ" అని ఆయన కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయారు. పెద్దాయనకు చూపు తగ్గుతోందని ప్రభంజన్ జాలిపడ్డాడు.

మర్నాడు ఎండ బాగా కాసింది. కారును బయటికి తోయించి చూశాడు. బానెట్టు మీద ఎండ పడి మెరుస్తున్న చోట, దాని చుట్టూ వలయాలు వలయాలుగా గీతలు. అక్కడ రుద్దుదామని రెండడుగులు పక్కకి జరిగాడు. మెరుపూ జరిగింది, వలయాలూ జరిగాయి. ఇంతకుముందు గీతలున్న చోట ఇప్పుడేం లేదు. ఏమీ లేదనుకున్న చోట ఇప్పుడు గీతలు. తలుపు దగ్గరికి వెళ్తే తలుపు మీదికి వచ్చాయి. డిక్కీ దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ముందే వచ్చి కూర్చున్నాయి. కారు చుట్టూ గుడ్డ పట్టుకుని తిరుగుతున్న అతన్ని చూసి, ప్రదక్షిణం చేస్తున్నాడేమో అనుకుని ఒక ముసలమ్మ చెప్పులు విడిచి వెనక నడవడం మొదలుపెట్టింది.

చిన్నస్వామి అరుగు మీదినుంచే అడిగారు. "ఏం నాయనా, దొరికాయా?"

"నేనెక్కడ నిలబడితే అక్కడికే వస్తున్నాయి స్వామీ!"

"పాపం, నువ్వంటే అంత అభిమానమా వాటికి!"

ఇక ఇలా లాభం లేదనుకున్నాడు ప్రభంజన్. ఊరంతా పరిగెత్తే పోరాటం కాదు, ఒక్కచోట తుదిదాకా సాగే పోరాటం కావాలి. డ్రైవరు వైపు తలుపు ఎంచుకున్నాడు. తలుపు మధ్యలో రేకు వంపు తిరిగే చోట ఒక గీత మిగతావాటికంటే లోతుగా, పొగరుగా కనిపించింది. ముక్కాలిపీట లాక్కుని దాని ముందు కూర్చుని, పళ్లు బిగించి, ఆ ఒక్క గీత మీదే రుద్దాడు. చుట్టూ ఉన్న చిన్న గీతలన్నీ పోయాయి, అది పోలేదు. ఇంకా రుద్దాడు. సన్నబడింది. ఇంకా రుద్దాడు. పోయింది!

పోయిన చోట ఎర్రగా ఏదో కనిపించింది.

తుప్పు అనుకున్నాడు. ఇనుములోనే దాక్కున్న అసలు రోగం బయటపడిందని ఉత్సాహం రెట్టింపై మరికాస్త రుద్దాడు. ఎరుపు రూపాయి బిళ్లంత అయింది. అప్పడమంత అయింది. అప్పుడు చేతిలో గుడ్డ చూసుకున్నాడు. దాని మీద నలుపు లేదు, ఎరుపు ఉంది. ఎర్రజెండా పట్టుకుని ఎన్ని ఊరేగింపుల్లో నడిచాడో లెక్కలేదు కానీ, ఎర్రగుడ్డ చేతిలో ఉండగా భయం వేయడం అతనికి ఇదే మొదటిసారి. అది తుప్పు కాదు. రంగు వేసే ముందు రేకుకు పూసే ప్రైమరు. తల తిప్పి తీగ మీద వరసగా ఊగుతున్న నల్లగుడ్డల వైపు చూశాడు. అవన్నీ కారులోని మురికి కావు, కారు.

సరిగ్గా అప్పుడే సన్యాసి మజ్జిగ చెంబుతో వచ్చాడు. ఎర్ర మచ్చ చూసి చెంబు కింద పెట్టేశాడు. వంగి వేలితో తడిమాడు. ముఖం పాలిపోయింది.

"అయ్యో బాబూ, ఇదేటి, రంగు లేసిపోనాది! మా బావమరిది పనే. ఆడి సెయ్యి బరువు. పైన పాలిష్ పూసి దాసీసుంటాడు, తవరు తుడిసీసరికి బయటపడ్డాది." తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "నానెలిపోతాను బాబూ. ఇంక ఏ మొకం ఎట్టుకుని ఉండమంటారు?"

ప్రభంజన్ నోటి దాకా ఒక వాక్యం వచ్చింది. చాలా మంచి వాక్యం. ఎక్కడో గోడ మీద చదివిందే. అన్నాడంటే సన్యాసి సాయంత్రానికల్లా మూటాముల్లే కట్టుకుంటాడు. అసలు ఏమీ అనకపోయినా కట్టుకుంటాడు. అరుగు మీద చిన్నస్వామి చింతపండు పక్కన పెట్టి ఇటే చూస్తున్నారు. ప్రభంజన్‌కు ఆ క్షణంలో తలలో ఉన్న పుస్తకాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

"నేనే" అన్నాడు.

"ఏటి బాబూ?"

"మీ బావమరిది కాదు. నేనే రుద్దేశాను. ఆ గుడ్డల మీద ఉన్నది కూడా మురికి కాదు, రంగు."

సన్యాసి ఎర్ర మచ్చ వైపు చూశాడు, తీగ మీద గుడ్డల వైపు చూశాడు, ప్రభంజన్ వైపు చూశాడు. వద్దనుకుంటూనే నవ్వేశాడు. "తవరా! ఒట్టి సేత్తోనే! ఈ సంగతి మా బావమరిదికి సెప్పకండి బాబూ, మిసను అమ్మీసి తవర్ని పన్లోకి పిలుస్తాడు."

చిన్నస్వామి లేచి వచ్చారు. కారును నీడలోకి తోయించారు. తన పాత పంచె కొంగు చింపి, సన్యాసి పెట్టెలో ఎప్పటినుంచో ఉన్న మెత్తటి పాలిష్ ఒక చుక్క అద్దుకుని, బానెట్టు మీద అరచేతి మేర, పసిపిల్లకు ఒళ్లు తుడిచినట్టు తుడిచారు. ఆ మేర తెల్లటి మసక పోయింది. సన్న గీతలు చాలావరకు కలిసిపోయాయి. వంగి చూస్తే ఆయన ముక్కు, ముక్కు పక్కన పులిపిరి స్పష్టంగా కనిపించాయి. ఆయన గుడ్డ మడిచి పెట్టేశారు.

"ఇంకా లోతు గీతలున్నాయి స్వామీ" అన్నాడు ప్రభంజన్, ఊరుకోలేక.

"ఉన్నాయి."

"అవి తీయరా?"

"గీతని ఎలా తీస్తావు నాయనా? అదొక గుంట. గుంటని తీయడం నా వల్ల కాదు. చుట్టూ ఉన్నదాన్నంతా దాని లోతుకి దించడమే నాకు తెలిసింది. ఈ కారుకి ఎంత రంగు మిగిలిందో నీకు తెలుసా?"

"తెలీదు స్వామీ."

"నాకూ తెలీదు. అందుకే ఆపేశాను." ఆయన తలుపు దగ్గరికి వెళ్లి ఎర్ర మచ్చను తీరిగ్గా పరిశీలించారు. "ఇక్కడ మాత్రం ఒక్క గీత కూడా లేదే!"

"లేదు స్వామీ" అన్నాడు ప్రభంజన్ నేల చూస్తూ. "రంగు కూడా లేదు."

"దాని సంగతి మనం అనుకోలేదుగా. ఒక్క గీత మిగలకూడదన్నాను, ఈ తలుపు మీద మిగల్లేదు. ఒప్పందం ప్రకారం సన్యాసిని పంపించెయ్యాలి. పంపమంటావా?"

సన్యాసి నవ్వు ఆగిపోయింది. తలపాగా ఇంకా చేతిలోనే ఉంది. ప్రభంజన్ ఆవేశంగా తలెత్తి, వెంటనే జవాబు చెప్పబోయాడు. చిన్నస్వామి చెయ్యెత్తి వారించారు.

"తొందరేముంది? ముందు ఇద్దరూ కలిసి ఆ తలుపుకి రంగు వెయ్యండి. అది ఆరాక, దాని మీద మెల్లిగా చెయ్యి వేసి చూసి, అప్పుడు చెప్పు. గురుపూర్ణిమలోగా నాకు జవాబు కావాలి."