గిత్తలకు కట్టించిన పార్సిల్

మస్తానయ్య గురువుగారిదొక అలవాటు. శిష్యుడు ప్రశ్న అడిగితే అక్కడికక్కడ జవాబు చెప్పరు. "చూద్దాంలే" అంటారు. ఆ చూద్దాం ఎప్పుడో ఒకరోజు శిష్యుడి గుమ్మంలోకే నడిచొస్తుంది. వచ్చిననాడు మాత్రం, ఎందుకడిగామురా భగవంతుడా అనిపిస్తుంది. ఆయన కాషాయం కట్టిన మనిషి కాదు. నల్లగుండ్లపాడులో మిరప తోట వేసుకుని బతికే సంసారి. పున్నమి సాయంత్రాలు పంచలో చాప పరుస్తారు, మనసులో ముల్లు గుచ్చుకున్నవాళ్ళు వచ్చి కూర్చుంటారు. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపం కూడా ఊరికే రాదు.

ఒక పున్నమికి చెంచిరెడ్డి వచ్చి అడిగిన ప్రశ్న ఇది.

"స్వామీ, నా కూతురికి పద్నాలుగేళ్ళు. చీమకు కూడా చెడు తలపెట్టని పిల్ల. దానికి ఈ జబ్బేంది? ఏ జన్మలో ఏ పాపం చేసిందని దేవుడు దానికిట్టా రాసిపెట్టాడు?"

అడుగుతూ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మీసం మెలేసి ఊరేగింపుల్లో ముందు నడిచే మనిషి అట్లా వెక్కివెక్కి ఏడుస్తుంటే పక్కవాళ్ళకూ కళ్ళు తడిశాయి. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, నేను కాదనడం లేదు. కానీ ముందు ఆయన ఇంటి సంగతి వినండి, తర్వాత జాలిపడుదురుగాని.

చెంచిరెడ్డికి ఒంగోలు గిత్తల జత ఉంది. బండలాగుడు పందెంలో ఆ జత దిగుతోందంటే అద్దంకి చుట్టుపక్కల జనం పనులు మానుకుని వస్తారు. ఆ గిత్తలంటే ఆయనకు ప్రాణం. వాటి కొట్టంలో ఫ్యాన్లు తిరుగుతాయి, దోమతెర వేలాడుతుంది. ఉలవలు ఏరి, కడిగి, కట్టెల పొయ్యి మీద ఉడికించి, మెత్తగా రుబ్బి పెట్టాలి. ఒక్క రాయి తగిలిందా, ఆ పూట భార్య రవణమ్మకు తిట్లే తిట్లు. ఉలవలు ఉడికిన కట్టుతో చారు కాస్తే లొట్టలేసుకుంటూ జుర్రుకుంటాం మనం. ఆ ఇంట్లో అదికూడా మనుషుల గొంతు దిగదు, గిత్తల తొట్టిలోకే పోతుంది. ఖర్జూరం, బాదంపప్పు, గానుగ నువ్వుల నూనె, నాటుకోడి గుడ్లు, మందు కొట్టని చేలో కోసిన పచ్చగడ్డి. పొద్దున్నే పేడ చూసి, "ఎడమ పక్క దాపటి దానికి రాత్రి మేత అరగలేదు" అని చెప్పగలడు చెంచిరెడ్డి. గిత్త కంట్లో కాస్త నలత కనబడితే చాలు, పశువుల డాక్టరు కారేసుకుని రావలసిందే.

మరి కన్న కూతురు? పిల్ల పేరు లాస్య. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి మీద ఉలవలు ఉడుకుతుంటాయి. తల్లి రోటి దగ్గర, తండ్రి కొట్టంలో. "ఆకలేస్తుందమ్మా" అంటే, "సెంటర్లో బండి దగ్గర ఏదన్నా తినిరా తల్లీ, చేతినిండా పనుంది" అనేవాళ్ళు. అట్లా మొదలైంది. మొదట్లో ఎప్పుడో ఒకసారి, తర్వాత దినచర్య. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా, చికెన్ పకోడీ, అవన్నీ దిగడానికి కూల్ డ్రింక్. ఆ మూకుట్లో నూనె పొద్దున ఏ రంగో, సాయంత్రానికి ఏ రంగో ఊరందరికీ తెలుసు. బండివాడు ఎర్రపొడి చల్లుతాడు, తెల్లపొడి చల్లుతాడు, సీసాలోంచి నల్లగా ఏదో ఒంపుతాడు. ఇదేంది నాయనా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. పైగా చెంచిరెడ్డికి అదొక గొప్ప. "నా బిడ్డ ఏది నోరు తెరిచి అడిగినా కాదనను" అని నలుగురిలో చెప్పుకునేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు.

పిల్ల ఒళ్ళు చేసింది. "మా పాప బొద్దుగా ముద్దొస్తుంది" అని మురిశారు. బడి మెట్లెక్కితే ఆయాసం. "ఎండ ఎక్కువగా ఉంది" అన్నారు. క్లాసులో నిద్ర. "రాత్రి ఫోను చూసుంటది" అన్నారు. ఆఖరికి మెడ చుట్టూ నల్లటి చార పడింది, తాడు కట్టి విప్పినట్టు. రవణమ్మకది మురికిలా కనబడింది. "ఆడపిల్లవై ఉండి స్నానం కూడా సరిగా చేయలేవే!" అని తిట్టి, శనగపిండి పూసి, కొబ్బరి పీచుతో రుద్దింది. నలుపు పోలేదు, చర్మం లేచింది. పిల్ల మండే ఎండలో మెడకు చున్నీ చుట్టుకుని బడికి పోయేది, తోటి పిల్లలు నవ్వుతారని. పేడలో తేడా కనిపెట్టే మనిషికి కూతురి మెడ కనబడలేదు. ఒళ్ళు మండదూ!

ఒకరోజు ప్రార్థనలో నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే కూలిపోయింది. ఒంగోలు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, పిల్ల మెడ మీద చెయ్యి పెట్టి చూసి, "దీన్ని రుద్దిందెవరు?" అని అడిగింది. రవణమ్మ తల దించుకుంది. "ఇది మురికి కాదమ్మా. లోపల షుగరు మొదలవబోతోందని ఒళ్ళు చెబుతున్న మాట. కాలేయానికి కొవ్వు పట్టింది. ఈ వయసులో పట్టాల్సింది కాదు. ఏం తింటుంది పిల్ల?"

"ఇంటి తిండేనండి" అన్నాడు చెంచిరెడ్డి, తడుముకోకుండా. లాస్య తండ్రి మొహంలోకి చూసి, మళ్ళీ నేల చూపులు చూసింది.

డాక్టరమ్మ వాళ్ళందరినీ చూసింది. "ఇప్పుడు ఆపితే పిల్ల మామూలు మనిషవుతుంది. ఆపకపోతే జన్మంతా మందులే, రేపు కాలేయం కూడా చేజారుతుంది. బయటి వేపుళ్ళు, ఆ తీపి నీళ్ళు ఇంటి గడప తొక్కకూడదు" అని గట్టిగా చెప్పి పంపింది.

కొన్నాళ్ళు బాగానే ఆపారు. పిల్ల మొహం మాడ్చుకుని కూర్చుంది. ఈలోగా పందేల కాలం వచ్చింది, ఇల్లంతా మళ్ళీ గిత్తల చుట్టూ తిరగడం మొదలెట్టింది. "పాపం, నోరు కట్టుకుని ఎన్నాళ్ళుంటది? ఒక్కరోజుకేమవుద్దిలే" అన్నాడు చెంచిరెడ్డి. ఆ ఒక్కరోజు మర్నాడు కూడా వచ్చింది. రెండోసారి పరీక్ష చేయిస్తే షుగరు ఇంకాస్త ఎక్కింది, మందు బిళ్ళలు రాశారు. అప్పుడొచ్చాడు గురువుగారి పంచలోకి, ఏ జన్మ పాపమని అడగడానికి. గత జన్మ దాకా పోయాడు గాని, సెంటర్ దాకా పోలేకపోయాడు!

గురువుగారు అంతా విన్నారు. పాపం అన్న మాట దగ్గర ఆయన ముక్కుపుటాలు అదిరాయి. చాప మీది వాళ్ళు ఇక తిట్లు మొదలనుకున్నారు. ఆయన కోపం దిగమింగుకుని, "చూద్దాంలే. పందెమెప్పుడు?" అన్నారు.

"ఆదివారం స్వామీ."

"శుక్రవారం సాయంత్రం మేత వేళకు మీ కొట్టానికొస్తా."

చెంచిరెడ్డి పొంగిపోయాడు. ఎవరింటికీ అంత తేలిగ్గా రాని గురువు తన కొట్టానికొచ్చి గిత్తలను దీవిస్తారంటే అంతకన్నా ఏం కావాలి? శుక్రవారం గిత్తలకు పసుపు నీళ్ళతో ఒళ్ళు కడిగించాడు, కొమ్ములకు నూనె రాయించాడు. రవణమ్మ గుమ్మానికి పసుపు పూసింది. తొట్లలో ఉలవముద్ద వేసి, గురువుగారి చేత్తో మొదటి ముద్ద పెట్టిద్దామని గిత్తలను పలుపు తాడు పొట్టిచేసి ఆపారు.

పొరుగాయన వీధిలోంచే కేకేశాడు. "రెడ్డీ, విన్నావా? మీ గురువుగారు బండి దగ్గర నిలబడి నూడుల్స్ పార్సిల్ కట్టించుకుంటున్నారయ్యా! పైన కూల్ డ్రింక్ కూడానూ!"

చెంచిరెడ్డి నవ్వాడు. "మా పాపకు తెస్తుంటారులే. దాని మీద ఆయనకు ఎంత ప్రేమో" అన్నాడు. అన్నాడండీ, ఆ మాట! డాక్టరమ్మ చెప్పింది చెవిలోంచి జారిపోయిందో, పందెం హడావుడిలో అడుగున పడిందో గాని, మందు బిళ్ళలు మింగుతున్న కూతురికి గురువుగారు నూడుల్స్ తెస్తున్నారని మురిసిపోయాడు. లాస్య కూడా ఆ మాట విని లోపలి నుంచి కొట్టం గుమ్మం దాకా వచ్చి నిలబడింది, చున్నీ మెడకు చుట్టుకునే.

గురువుగారు వచ్చారు. చేతిలో పల్చటి కవరు, దాని అడుగున నూనె మరకలు. చెంచిరెడ్డి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆయన పిల్లను చూసి తలూపారు గాని కవరు ఇవ్వలేదు. తిన్నగా తొట్టి దగ్గరికి నడిచారు. పార్సిల్ దారం తెంపారు. ఎర్రగా, జిడ్డుగా, పొగలు కక్కుతున్న నూడుల్స్ ముద్దను అట్లాగే ఉలవల మీద కుమ్మరించారు. మంచూరియా ఉండలు దాని మీద వేశారు. కూల్ డ్రింక్ మూత తిప్పారు. గిత్త మెడ చాచి ముక్కుతో వాసన పట్టింది.

"ఏంది స్వామీ అది? ఏం చేస్తుండారు?" చెంచిరెడ్డి ఒకడుగు ముందుకేశాడు.

"దీవిద్దామని వచ్చా. రోజూ ఉలవలేనా? పాపం, దానికీ నోరూరదూ?"

"ఎద్దుకు పెట్టే తిండా స్వామీ అది!"

"ఒక్కరోజుకేమవుద్దిలే" అన్నారు గురువుగారు, పలుపు వదులు చేస్తూ. "ఊళ్ళో అందరూ తింటుండారుగా. బొద్దుగా ముద్దొస్తది కూడా."

గిత్త నాలుక బయటికి వచ్చింది. అంతే, చెంచిరెడ్డి ఒక్క ఉరుకున దూకి గురువుగారి మణికట్టు పట్టుకున్నాడు. ఇందాక ఆయన పాదాలు తాకిన చెయ్యే అది. తొట్టిని కాలితో తన్నేశాడు. ఉలవలు, నూడుల్స్ పేడలో పడ్డాయి. కూల్ డ్రింక్ సీసా దొర్లిపోయి నురగ కక్కింది. రవణమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"చంపుతారా నా గిత్తను?" అని అరిచాడు చెంచిరెడ్డి. గురువన్న మర్యాద కూడా గుర్తులేదు. "విషం అది! ఆ నూనె కాగినదే కాగి తారైపోయి ఉంటది. ఆ మైదా పేగులకు బంకలాగా పట్టుకుంటది. ఆ రంగులు, ఆ ఉప్పు పోయి కాలేయం మీద కూర్చుంటాయి. కొవ్వు పడుద్ది, ఆయాసమొస్తది, లేచి నిలబడబోతే కూలబడుద్ది! పందెం కాదు, అసలు బతికి బట్టకట్టదు! నోరులేని జీవం, దానికేం తెలుసు? పెడితే తింటది. పెట్టేవాడికి తెలియొద్దా?"

అరుపు కొట్టం రేకులకు తగిలి ఆగింది. గురువుగారు చెయ్యి విడిపించుకోలేదు. మొహంలో మాత్రం కోపం కుతకుతలాడుతోంది.

గుమ్మం దగ్గర నుంచి లాస్య అడిగింది. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. బడిలో అర్థంకాని పాఠం అడిగినట్టు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"అదంతా నీకు ముందే తెలుసా, నాన్నా?"

చెంచిరెడ్డి గుమ్మం వైపు తల తిప్పాడు. ఆయన చూపు మొదటిసారి ఆ చున్నీ మీద పడింది, దాని అంచు పక్కన తేలుతున్న నలుపు మీద, పీచు గీతల మీద పడింది. వేళ్ళు ఇంకా గురువుగారి మణికట్టును పట్టుకునే ఉన్నాయి. రవణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారగిలబడింది.

గురువుగారు ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా తనే విడదీశారు. వంగి, పేడలో పడ్డ తొట్టిని లేపి నిలబెట్టారు.

"ముందు పిల్లకు జవాబు చెప్పు, రెడ్డీ" అన్నారు. "అందాకా గిత్తలకు మేత నేనేస్తాలే."